అభ్యుదయవాది ఎవరు, సంప్రదాయవాది ఎవరు?

హనుమకొండ పాఠకుడు:
మా బంధువుల్లో ఒక పెద్దాయన యౌవనంలో ఎర్రజెండా సభలకు తిరిగారు. దున్నేవాడికే భూమి అన్న మాటను నేటికీ వదలలేదు. అయితే ఆడబిడ్డలకు పొలంలో భాగం అనగానే "కట్నం ఇచ్చి పంపినం గదా" అంటారు. వారి పొరుగున ఉండే విశ్రాంత ఉపాధ్యాయుడు మడి, ఆచారం తప్పని మనిషి, కానీ కొడుకుకూ కూతురికీ సమానంగా పంచి రాసిచ్చారు. వీరిలో ఎవరిని అభ్యుదయవాది అనాలి?

కాజీపేట మిత్రుడు:
చట్టాలను అడ్డుకునే అధికారం రాజుకు ఉండాలా వద్దా అన్న చర్చలో, 1789లో ఫ్రెంచి సభలో ఆ అధికారం ఉండాలన్నవారు అధ్యక్షుడికి కుడివైపున, వద్దన్నవారు ఎడమవైపున కూర్చున్నారు. ఒక్క ప్రశ్న మీద ఏర్పడిన ఆ కుడి-ఎడమ (సంప్రదాయ-అభ్యుదయ) గీతను భూమికీ, దేవుడికీ, పెళ్లికీ, మార్కెట్‌కూ సాగదీసింది తరువాతి వారే. మన లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా భూపరిమితికి పట్టుబట్టి భూస్వాములకు కంటగింపు అయ్యారు, 1991లో ప్రధానిగా మార్కెట్ తలుపులు తెరిచి వామపక్షాలకూ అంతే అయ్యారు. ఆయనను ఏ వైపు కూర్చోబెడతారు?

ములుగు రోడ్డు వాసి:
నన్ను సంప్రదాయవాది అంటే నాకు అభ్యంతరం లేదు. సమాజం బతికున్నవారిది మాత్రమే కాదని, పోయినవారికీ పుట్టబోయేవారికీ అందులో పాలు ఉందని 1790లో బ్రిటిష్ రాజకీయ చింతకుడు ఎడ్మండ్ బర్క్ వాదించాడు. పాకాల, రామప్ప వంటి కాకతీయుల నాటి చెరువులను, ఒకదాని అలుగు నీరు మరొకదానిలోకి చేరేలా కట్టిన గొలుసుకట్టు చెరువులను చూస్తే ఆ మాటకు అర్థం తెలుస్తుంది. బోర్లు వచ్చాక చెరువులను పట్టించుకోవడం మానేశాం, పూడిక పేరుకున్నది, చివరికి 2015లో మిషన్ కాకతీయ పేరుతో ప్రభుత్వమే పూడిక తీయించవలసి వచ్చింది. పాతదాన్ని పడగొట్టే ముందు అది ఏ పని చేస్తున్నదో తెలుసుకోవాలన్నదే మా వాదన.

జనగామ పాఠకురాలు:
చెరువు గురించి చెప్పారు, రాత్రంతా కాలువ వెంట తిరిగి మడిమడికీ నీరు పారించిన నీరటికాడి గురించి చెప్పలేదు. ఆ పని ఏ కులానికి అంటగట్టారు, కల్లంలో కొలిచిన గింజలకు ఆయన కొడుకు కూడా అదే పని చేయవలసి వచ్చిందా, కాదనే వీలు ఉండేదా? చెరువూ వెట్టీ ఒకే ఊరి ఆచారాలు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను దొరకు దక్కనివ్వకుండా నిలబడింది ఆచారాన్ని ధిక్కరించే కదా!

ఇక ఆడబిడ్డ భాగం సంగతి. 1956 హిందూ వారసత్వ చట్టం ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఇవ్వలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 నుంచి ఆ హక్కు ఇచ్చింది గానీ, అప్పటికే పెళ్లయినవారిని పక్కన పెట్టింది. పెళ్లితో నిమిత్తం లేకుండా దేశమంతటా హక్కు వచ్చింది 2005లో. అయినా వాటా అడిగినామెను "అన్నదమ్ములతో తగువు పెట్టుకున్నది" అనడం ఎర్రజెండా ఇంట్లోనూ తులసికోట ఇంట్లోనూ ఒకటే. నా దృష్టిలో ఇక్కడ ఆ రెండు ఇళ్లవారూ సంప్రదాయవాదులే.

ములుగు రోడ్డు వాసి:
వెట్టి విషయంలో మీతో నాకు వాదన లేదమ్మా. కానీ నీరటి పద్ధతి పోయిన ఊళ్లలో ఆయకట్టు చివరి మడికి నీరు చేర్చే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు అభ్యుదయవాదులు కూడా జవాబు చెప్పాలి.