చైన్ పుల్లీని వేలాడదీసే కడ్డీకి ఎంత వ్యాసం ఉండాలి?

ప్రశ్న:
విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డులో లారీ ఇంజన్లను ఎత్తి దించడానికి 2 టన్నుల చైన్ పుల్లీని పైదూలానికి ఒకే కడ్డీతో వేలాడదీయాలనుకుంటున్నాను. 2 టన్నులంటే సుమారు 20,000 న్యూటన్లు. మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ఉక్కు చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్ల దగ్గర సాగడం మొదలవుతుంది కనుక 80 చ.మి.మీ. చాలునని లెక్క వేశాను. ఇంటి పనిలో మిగిలిన 12 మి.మీ. టీఎంటీ కడ్డీ వైశాల్యం 113 చ.మి.మీ. ఉంది. దాని చివర మర కోయించి నట్టు బిగిస్తే సరిపోతుందా?

సమాధానం 1:
దయచేసి ఆ కడ్డీని వాడకండి. 113 అనేది నిండు కడ్డీ వైశాల్యం. మర కోసిన చోట 84 చ.మి.మీ. మాత్రమే మిగులుతుంది, అక్కడ ప్రతిబలం, అంటే ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే బలం, 238 న్యూటన్లకు చేరుతుంది. టీఎంటీ ఉక్కు మరింత బలమైనదే కదా అనిపించవచ్చు గానీ, ఆ బలంలో పెద్ద భాగం నీటితో చల్లార్చి గట్టిపరచిన పైపొరలో ఉంటుంది, మర కోసేటప్పుడు ముందుగా పోయేది ఆ పొరే.

ఎం.ఎస్. గుండ్రటి కడ్డీ తీసుకోండి. 250లో 0.6 వంతు, అంటే 150 న్యూటన్లను అనుమతించే ప్రతిబలంగా తీసుకుంటే 133 చ.మి.మీ. కావాలి. 16 మి.మీ. మరలో 157 ఉంటుంది కనుక కాగితం మీద అది చాలు. అయితే ఇంజన్ ఒక్కసారిగా కుదుపుతో లేస్తుంది, పుల్లీ సొంత బరువు, గొలుసు లాగే బలం కూడా కడ్డీ మీదే పడతాయి. అందుకని నేనైతే 20 మి.మీ. వాడతాను: మరలో 245 చ.మి.మీ., ప్రతిబలం 82.

సమాధానం 2:
పై లెక్క సరైనదే, కానీ లాగుడు కడ్డీ నడిమధ్య గుండా పోతేనే అది వర్తిస్తుంది. నిండు కడ్డీలో బరువు వ్యాసంలో 8వ వంతు పక్కకు జరిగితే చాలు, వంపు వల్ల అంచున ప్రతిబలం రెట్టింపవుతుంది. 20 మి.మీ. కడ్డీకి అది రెండున్నర మిల్లీమీటర్లే. మర దగ్గర కడ్డీ ఇంకా సన్నం కనుక 82 కాస్తా 170 దాటి, అనుమతించిన 150ని మించిపోతుంది. కాబట్టి కడ్డీని కొక్కెంలా వంచి వాడకుండా, కింద సరైన రేటింగు ఉన్న ఐ నట్టు (కొక్కెం తగిలించే రింగు ఉన్న నట్టు), పైన సమతలంగా కూర్చునే మందపాటి ప్లేటు, రెండు నట్లు పెట్టించండి. ఇంజన్‌ను ఏటవాలుగా లాగకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. 20 మి.మీ. ఎం.ఎస్. కడ్డీయే తీసుకుంటాను. పైదూలం పాతది, దాని కొలతలు నా దగ్గర లేవు.

సమాధానం 1:
అయితే ముందు ఆ దూలాన్ని ఇంజనీరుకు చూపించండి. అంతవరకు పుల్లీ తగిలించకండి.