పోచంపల్లి ముక్కలతో గోడకు తగిలించే కుట్టు సామాను సంచి: కొలతలు కావాలి

సూదిమందు_నల్లగొండ (ప్రశ్న)

ఒడిబియ్యంలో వచ్చిన రైక ముక్కలు, పోచంపల్లి కాటన్ కట్ చేయగా మిగిలిన గుడ్డలు చాలా ఉన్నయి. వీటితో తలుపు వెనక తగిలించే అరల సంచి కుట్టి, దారం రీళ్లు, బాబిన్లు, హుక్కులు, కత్తెర, టేపు అన్నీ అందులోనే సర్దాలని ఉంది. జాగా వెడల్పు 20 అంగుళాలు. ఇబ్బందులు మూడు. ఇక్కత్ కోసీ కోయంగనే పోగులు ఊడుతయి. జేబు సాదాగా కుడితే రీలు పట్టదు, పట్టినా పైఅంచు సాగి నోరు తెరుస్తది. కింద జీన్స్ గుడ్డ పెడితే సూది విరుగుతది. తొక్కుడు మెషిన్, ఇంట్లో వాడేదే. కొలతలతో చెప్పండి.

కచ్చకుట్టు_భువనగిరి

కోయకముందు గుడ్డను అరగంట చల్లటి నీళ్లలో నానబెట్టి నీడలో ఆరేయండి. చేమగ్గం కాటన్ మొదటి నీళ్లకు కొంచెం ముడుచుకుంటది, కుట్టినాక ముడుచుకుంటే సంచి వంకర పోతది. తడిగా ఉన్నప్పుడే తెల్ల గుడ్డతో గట్టిగా ఒత్తి చూడండి. రంగు అంటితే విడిగా ఇంకోసారి జాడించాలి.

అడుగు గుడ్డ వెడల్పు 19, పొడవు 25 అంగుళాలు. పైన 3 అంగుళాలు వెనక్కి మడిచి కుడితే కర్ర దూరే గొట్టం వస్తది, ముందు వైపు 22 మిగులుతది. అందులో 6 అంగుళాల ఎత్తు జేబులు మూడు వరుసలు, ఒక్కో వరుస పైన అంగుళం ఖాళీ. వరుసకు నాలుగు చొప్పున మొత్తం 12 జేబులు.

ఒక్కో జేబుకు 7½ అంగుళాల చదరపు ముక్క కోయండి. లెక్క ఇదీ: కుట్టినాక కనిపించే వెడల్పు 4½, రెండు పక్కలా ప్లీటుకు ఒక్కో అంగుళం, అతుకులకు అర అంగుళం చొప్పున. ఎత్తులో 6 జేబుకు, 1 పైమడతకు, ½ కింద కుట్టుకు. రీలు పట్టకపోవడానికి కారణం ప్లీటు లేకపోవడమే. పొడవాటి గుడ్డ లేకున్నా ఫరవాలేదు, అతుకు సరిగ్గా రెండు జేబుల మధ్య గీత మీదికి వస్తది కాబట్టి కనిపించదు. అతుకు వెనక మిగిలిన గుడ్డను రెండు పక్కలకు విప్పి ఇస్త్రీ చేయాలి, ఒకే పక్కకు తోస్తే అక్కడ గడ్డ కడుతది.

పోగులు ఊడకుండా ఉండాలంటే కోసే ముందే వెనక సన్నటి ఫ్యూజింగ్ గుడ్డ (ఇస్త్రీ వేడికి అతుక్కునే జిగురు గుడ్డ) అంటించండి. ఇస్త్రీ పెట్టెను రుద్దొద్దు, ఒక చోట 10 సెకన్లు ఒత్తి, ఎత్తి, పక్కన పెట్టాలి. రుద్దితే బుడగలు వస్తయి, డిజైన్ కూడా వంకర పోతది. సిల్కు ఇక్కత్ అయితే పైన పలుచటి కాటన్ గుడ్డ వేసి, వేడి తగ్గించి ఒత్తండి.

కుట్టే వరుస: నాలుగు ముక్కలు అతికి, పైఅంచు మడిచి కుట్టి, ప్లీట్లు పెట్టి, కింది అంచు మీద కచ్చ కుట్టు (తర్వాత విప్పేసే పొడుగు కుట్టు) వేయండి. పట్టీని తలకిందులుగా, మంచి వైపు అడుగు గుడ్డకు ఆనేటట్టు పరిచి, కింది అంచును అర అంగుళం మీద కుట్టి, పైకి తిప్పండి. కోసిన అంచు లోపలికి పోతది. తర్వాత మధ్య గీతలు కింది నుంచి పైకి కుట్టాలి. పైచివర మూడు నాలుగు కుట్లు వెనక్కి వేసి లాక్ చేయండి, చిరిగేది ఎప్పుడూ అక్కడే. ప్లీటు మడత మధ్య గీతకు ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) ఎడంగా ఆగాలి, గీత కిందికి పోతే సూది దాన్నే గుద్దుతది. చుట్టూ అంచుకు క్రాస్ పట్టీతో (ఏటవాలుగా కోసిన గుడ్డ పట్టీ) పైపింగ్.

జీన్స్ మీద 16 నంబరు సూది, కుట్టు కొంచెం పొడుగ్గా పెట్టండి. మందం దగ్గర తొక్కొద్దు, చక్రం చేత్తో తిప్పండి. గుడ్డను వెనక నుంచి లాగడం మానండి. లాగితే సూది వంగి ప్లేటుకు తగులుతది, సగం విరుగుళ్లు అట్లనే. జీన్స్ ఇష్టం లేకుంటే పాత కొయ్యలగూడెం దుప్పటి రెండు పొరలు, మధ్యలో బక్రం (కాలరులో వేసే గట్టి గుడ్డ).

పడుగుపేక

పై జవాబు బాగుంది కానీ పైఅంచు సాగడానికి అసలు మందు అందులో లేదు. గుడ్డ పడుగు (నిలువు పోగులు) దిక్కు తక్కువ సాగుతుంది, పేక (అడ్డపోగులు) దిక్కు కొంచెం ఎక్కువ. జేబు పైఅంచు పొడవునా పడుగు నడవాలి. గుడ్డకు సహజంగా ఉన్న అంచు పడుగు దిక్కే ఉంటుంది కదా, దాన్నే జేబు నోటికి పెట్టండి. అప్పుడు మడత కూడా అక్కర్లేదు, ముక్క ఎత్తు 6½ చాలు. నారాయణపేట చీర అంచు ముక్కలుంటే ఇంకా గట్టి. డిజైన్ అడ్డం తిరుగుతుందని బాధపడొద్దు, చిన్న ముక్కలో ఎవరికీ తెలియదు.

గద్వాల చీర ముక్కలు వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. ఒళ్లు కాటన్, అంచు పట్టు, రెండింటి పేకనూ కలిపి నేసిన చోట దగ్గరగా కోస్తే అతుకు విడిపోతుంది. ఒంటి గుడ్డ కనీసం అర అంగుళం వదిలి కోయండి. తేలియా రుమాలు (నూనె పట్టించిన నూలుతో నేసే అరుదైన ఇక్కత్) ముక్క దొరికితే మాత్రం దయచేసి జేబులకు కోయకండి, ఫ్రేము కట్టించుకోండి!

పాలమూరు_టైలరింగ్

కుట్టుడు అయింది, సర్దుడు గురించి ఎవరూ చెప్పలేదు.

రీలు, దాని బాబిన్ విడిపోతే అదే రంగు వెతుక్కుంటూ కూర్చోవాలి. చీపురు పుల్లను రీలు రంధ్రంలోంచి దూర్చి, పైన బాబిన్ ఎక్కించి, రెండు చివర్లా రబ్బరు బ్యాండు చుట్టండి. జత విడిపోదు. ఎండ తగిలే తలుపైతే దారం జేబులు కింది వరుసలో వద్దు, ఎండ పడని వైపు పెట్టండి. ఎండకు రంగు వెలిసి, దారం పెళుసై మెషిన్ మీద పుటుక్కున తెగుతది. ఎలాస్టిక్ రేకుల ఇంట్లో గోడ మీద అసలే వద్దు. మన వేసవి వేడికి రబ్బరు పట్టు పోతది. వదులుగా చుట్టి చల్లటి జాగాలో డబ్బాలో పెట్టుకోవాలి.

కత్తెర జేబు అడుగున జీన్స్ ముక్క రెండు పొరలు వేయండి, లేకుంటే మొన వారంలోనే గుడ్డను పొడుచుకొని బయటికొస్తది. హుక్కులు, ప్రెస్ బటన్లు గుడ్డ జేబులో వట్టిగా పోయొద్దు. తలనొప్పి మందు ఖాళీ డబ్బాల్లో పోసి, మూత మీద ఒక హుక్కు అంటించండి, తెరవకుండానే తెలుస్తది.

సూదులు దూదిలో గుచ్చితే వానకాలం తుప్పు. దూది చెమ్మ పీల్చి పట్టుకుంటది. దాని బదులు కడగని గొర్రె ఉన్ని పెట్టండి, అందులోని జిడ్డు సూదిని కాపాడుతది. పాత గొంగడి ముక్కతో సూదుల పుస్తకం కూడా అవుతది: 4 అంగుళాల పొడవు, 3 వెడల్పు ఆకులు నాలుగు, మధ్యలో ఒక కుట్టు. కానీ గొంగడికి చింతగింజల గంజి పట్టిస్తరు. ముందు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి గంజి పోగొట్టండి, లేకుంటే పురుగు పడుతది.

సూదిమందు_నల్లగొండ

అంచు నోటికి పెట్టే మాట బాగుంది, అట్లనే చేస్త. ఇంకొకటి: సూదులన్నీ కలిసిపోయినయి, పవర్ మెషిన్వి, ఇంటి మెషిన్వి. ఎట్ల గుర్తుపట్టాలె?

కచ్చకుట్టు_భువనగిరి

పైభాగం చూడండి. ఒక పక్క చదునుగా ఉంటే ఇంటి మెషిన్ది, గుండ్రంగా ఉంటే పవర్ మెషిన్ది. గొంగడి పుస్తకంలో వాటికి వేరే ఆకు కేటాయించండి. వాడిన సూదులు మళ్లీ పెట్టాల్సి వస్తే, నంబరు వారీగా ఆకు మూలన రంగు దారంతో ఒక గుర్తు కుట్టండి, 14కు ఒకటి, 16కు రెండు. సూది మీద నంబరు ఉంటది కానీ రాత్రి దీపం వెలుతురులో చదవలేం. మొన మొద్దుబారిందా లేదా అన్నది గోరు మీద మెల్లగా గీసి చూడండి. గీత పడితే మొన వంగింది, పారేయండి. అట్లాంటి సూదితో ఇక్కత్ కుడితే పోగులు లేస్తయి.