జో లాప్చిక్: జంప్ బాల్ కాలపు సెంటర్ కోచ్‌గా ఎలా నిలబడ్డాడు?

కోర్టుగీత:
1920ల నాటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ గురించి ఎక్కడ చదివినా జో లాప్చిక్ పేరు తగులుతోంది. ఆయన ఆడిన ఒరిజినల్ సెల్టిక్స్, ఇప్పటి బోస్టన్ సెల్టిక్స్ ఒకటేనా? హైస్కూల్ గడప కూడా తొక్కని మనిషికి 1936లో సెయింట్ జాన్స్ యూనివర్సిటీ జట్టును ఎలా అప్పగించారు? అసలు సందేహం ఇంకొకటి. ఆయన ఆడిన ఆటకీ, కోచింగ్ ఇచ్చిన ఆటకీ నియమాలే వేరు కదా, నేర్చుకున్నది ఏమైనా పనికొచ్చిందా? స్కోర్లతో సరిపెట్టకుండా అప్పుడు ఆట ఎలా ఆడేవారో కూడా చెప్పగలరా?

పాతబంతి:
రెండు జట్లకూ సంబంధం లేదండి. బోస్టన్ జట్టు పుట్టింది 1946లో. ఒరిజినల్ సెల్టిక్స్ న్యూయార్క్ వాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నిర్వాహకుడు జిమ్ ఫ్యూరీ చేతికి వచ్చాక ఆ జట్టు దశ తిరిగింది.

అప్పట్లో ఆటగాళ్లకు మ్యాచ్‌కింత అని డబ్బిచ్చేవారు. ఒకే మనిషి ఒకే సీజన్లో రెండు మూడు లీగుల్లో ఆడేవాడు, ఎవరు ఎక్కువిస్తే ఆ రాత్రి వాళ్ల జట్టు. న్యూయార్క్ పక్కనున్న యాంకర్స్ ఊళ్లో 1900లో పుట్టిన లాప్చిక్ కూడా మొదట్లో అలాగే ఆడాడు. రాత్రికో కొత్త జట్టుతో ఆడితే ఎవరు ఎటు కదులుతారో పక్కవాడికి తెలియదు, కాబట్టి ఎవరి ఆట వారిదే. ఫ్యూరీ ఈ పద్ధతి మార్చి, సీజన్ మొత్తానికి జీతమిచ్చి ఆటగాళ్లను కట్టిపడేశాడు. అదే ఐదారుగురు ఊరూరా కలిసి తిరిగి, కలిసి ఆడారు. సెల్టిక్స్ గొప్పతనానికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. లాప్చిక్ 1923లో ఈ జట్టులో సెంటర్‌గా, అంటే జట్టులో పొడవాటివాడు ఆడే స్థానంలో, చేరాడు.

ఆయన ఎత్తు 6 అడుగుల 5 అంగుళాలు. ఆనాడు బాస్కెట్ పడ్డ ప్రతిసారీ బంతిని మళ్లీ మధ్య వృత్తానికి తెచ్చి, రెండు జట్ల సెంటర్ల మధ్య పైకి విసిరి జంప్ బాల్ వేసేవారు. అంటే మీ సెంటర్ ఎగిరి బంతిని తట్టగలిగితే, మీరు స్కోరు చేశాక కూడా బంతి మీదే. సెల్టిక్స్ అమెరికన్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో చేరి 1927, 1928 టైటిళ్లు గెలిచారు. తర్వాత ఆ జట్టు రద్దయింది. లాప్చిక్, డచ్ డేనర్ట్ వంటివాళ్లు క్లీవ్‌లాండ్ రోజెన్‌బ్లమ్స్‌కు వెళ్లారు. 1929, 1930 టైటిళ్లు అక్కడికే వెళ్లాయి!

పివట్‌మనిషి:
ఆట ఎలా ఆడేవారో నేను చెప్తాను. సెల్టిక్స్ నుంచి తర్వాతి తరాలకు అందినవి ముఖ్యంగా రెండు.

మొదటిది పివట్ ప్లే. డేనర్ట్ ఫౌల్ లైన్ దగ్గర బాస్కెట్‌కు వీపు పెట్టి నిలబడతాడు. బంతి అతనికి అందిస్తారు. అందించినవాడు అక్కడే ఆగకుండా వెంటనే అతని పక్కగా దూసుకుపోవాలి, ఇంకొకడు రెండో పక్క నుంచి రావాలి. డేనర్ట్ ఎవరికి దారి దొరికితే వాళ్లకు బంతి చేతిలో పెడతాడు. వెనకున్న డిఫెండర్ ఒక పక్కకు వాలితే, రెండో పక్కకు తిరిగి తనే వేస్తాడు. ఇది చెడిపోయేది ఎక్కువగా పరుగు టైమింగ్‌లో. ముందే పరిగెత్తితే పివట్ చేతికి బంతి ఇంకా చేరి ఉండదు, ఆలస్యమైతే డిఫెండర్ దారి మూసేస్తాడు. ఇద్దరూ ఒకే పక్క నుంచి వస్తే ఇద్దరు డిఫెండర్లనూ తామే అక్కడికి తెచ్చినట్టవుతుంది. 1930ల్లో వచ్చిన మూడు సెకన్ల నియమంతో పివట్ ఆటగాడు బాస్కెట్ ముందు తిష్ట వేసే వీలు పోయింది.

రెండోది స్విచింగ్. ఎదుటి జట్టువాళ్లు ఇద్దరు అడ్డంగా దాటుకున్నప్పుడు డిఫెండర్లు వాళ్ల వెంట పడరు, మనుషులను మార్చుకుంటారు. పిలుపు వెనకున్న డిఫెండర్ ఇవ్వాలి, ఎందుకంటే ఆట మొత్తం కనిపించేది అతనికే. ఒకడు మారి రెండోవాడు మారకపోతే ఒకరి మీద ఇద్దరు పడి, ఎదుటి జట్టు రెండో ఆటగాడు బాస్కెట్ కింద ఒంటరిగా మిగులుతాడు. నోరు విప్పని ఆటగాళ్లతో ఈ డిఫెన్స్ నడవదు.

పాతబంతి:
సెయింట్ జాన్స్ ఎలా తీసుకుందన్న ప్రశ్న మిగిలింది. దారి అప్పటికే పడింది. సెల్టిక్స్‌లోనే ఆడిన నాట్ హోల్మన్ 1919 నుంచే న్యూయార్క్ సిటీ కాలేజీకి కోచ్‌గా ఉన్నాడు. ఆ నగరంలో సెల్టిక్స్ అంటే ఆట తెలిసినవాళ్లని పేరు. లాప్చిక్‌కు డిగ్రీ లేకపోయినా ఆ పేరుంది.

కోర్టుగీత:
చాలా థ్యాంక్సండి. అయితే జంప్ బాల్ నియమం పోయాక ఆయన తన జట్టును ఎలా మలిచాడు?

గీతదాటి:
ఆయన కోచ్ అయిన మరుసటి సంవత్సరమే, 1937లో, బాస్కెట్ పడ్డాక వేసే జంప్ బాల్‌ను తీసేశారు. ఆయన్ను పెద్ద ఆటగాడిని చేసిన పనికే విలువ పడిపోయింది. ఇక పొడవాటివాడి పని బాస్కెట్ దగ్గరకు మారింది. 6 అడుగుల 9 అంగుళాల హ్యారీ బాయ్‌కాఫ్‌తో 1943లో కాలేజీ జట్ల జాతీయ టోర్నమెంట్ ఎన్‌ఐటీ ఫైనల్లో టొలీడోను 48-27తో ఓడించాడు. 1944 ఫైనల్ నాటికి బాయ్‌కాఫ్ సైన్యంలో ఉన్నాడు, ఎదుట డిపాల్ జట్టులో పొడవాటి సెంటర్ జార్జ్ మైకన్. మైకన్ నాలుగు ఫౌల్స్‌తో బయటికి పోయాడు, సెయింట్ జాన్స్ 47-39తో గెలిచింది. వరసగా రెండేళ్లు ఎన్‌ఐటీ గెలిచిన మొదటి కోచ్ లాప్చిక్.

1947లో న్యూయార్క్ ప్రొఫెషనల్ జట్టు నిక్స్‌కు కోచ్‌గా వెళ్లాక ఆయనకు మైకన్ అంత సెంటర్ దొరకలేదు. డిక్ మెగ్వైర్ పాసింగ్, హ్యారీ గాలటిన్ రీబౌండ్ల మీద ఆధారపడి, సెల్టిక్స్ పద్ధతిలో బంతిని తిప్పుతూ ఆడించాడు. 1951, 1952, 1953 వరసగా మూడుసార్లు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్. 1951లో రోచెస్టర్ చేతిలో మ్యాచ్‌ల లెక్కలో 0-3తో వెనకబడి 3-3 దాకా వచ్చి, ఏడో మ్యాచ్ 79-75తో పోగొట్టుకున్నారు. మిగతా రెండూ మైకన్ ఉన్న మినియాపొలిస్‌కే. పొడవు లేని జట్టు పాసింగ్‌తో ఎంత దూరం పోగలదో చూడాలంటే ఆ 1951 సిరీస్ గురించి చదవండి.

పివట్‌మనిషి:
ఇంకొకటి వదిలేయకూడదు. నల్లజాతి ఆటగాళ్ల జట్టు న్యూయార్క్ రెనసాన్స్‌ను (రెన్స్ అనేవారు) అమెరికన్ బాస్కెట్‌బాల్ లీగ్ చేర్చుకోలేదు. సెల్టిక్స్ మాత్రం వాళ్లతో మళ్లీ మళ్లీ ఆడారు. రెన్స్ సెంటర్ టార్జాన్ కూపర్‌ను లాప్చిక్ ఎంతో గౌరవించేవాడు, అందరిముందూ ఆలింగనం చేసుకునేవాడు. 1950లో నల్లజాతి ఆటగాడు నాట్ క్లిఫ్టన్ నిక్స్‌కు వచ్చినప్పుడు కోచ్ ఈయనే. ఎన్‌బీఏలో నల్లజాతి ఆటగాళ్లు అడుగుపెట్టిన మొదటి ఏడాది అది.

గీతదాటి:
1951లో కాలేజీ ఆటగాళ్లు డబ్బు తీసుకుని పాయింట్ల తేడాను తగ్గించిన కుంభకోణం బయటపడ్డాక, లాప్చిక్ ఆ వార్తల కత్తిరింపులన్నీ ఒక స్క్రాప్‌బుక్‌లో అంటించి పెట్టుకున్నాడు. 1956లో సెయింట్ జాన్స్‌కు తిరిగొచ్చాక దాన్ని తన కుర్రాళ్ల చేత చదివించేవాడు. 1959లో మళ్లీ ఎన్‌ఐటీ గెలిచాడు. 65 ఏళ్లకు రిటైర్ కావాలని యూనివర్సిటీ నియమం ఉండటంతో 1965 ఆఖరి సీజన్ అయింది. చివరి మ్యాచ్ ఎన్‌ఐటీ ఫైనల్: విలనోవా మీద 55-51. ఆ జట్టును తర్వాత ఆయన అసిస్టెంట్ లూ కార్నెసెక్కా అందుకున్నాడు. 1966లో లాప్చిక్‌ను బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నది ఆటగాడిగా, కోచ్‌గా కాదు.