శవం పక్కన కూడా జోకులేనా?

గంటస్తంభం (విజయనగరం)
టామ్సిన్ మ్యూర్ 2019 నాటి సైన్స్ ఫాంటసీ ‘గిడియన్ ద నైన్త్’ పూర్తిచేశాను. అంతరిక్షంలో తొమ్మిది వంశాలు. ఎముకలకు ప్రాణం పోసే మాంత్రికురాలు హారో, కత్తి పట్టి ఆమెకు కాపలా కాసే గిడియన్. చక్రవర్తి పరీక్ష కోసం పాడుబడ్డ మహలుకు వెళ్తే అక్కడ ఒక్కొక్కరే హతమవుతారు. కల్పన అద్భుతం. కానీ చావు మధ్య కూడా గిడియన్‌కి వెటకారమే. ఇంక ఆ చావుకి విలువేముంది?

నాగావళి (శ్రీకాకుళం)
మాస్టారూ, మీ ఊళ్లోనే 1892లో మొదటిసారి ఆడిన కన్యాశుల్కం మాటేమిటండీ? పసిపిల్లను ముసలాడికి అమ్మే బేరానికి పొట్టచెక్కలయ్యేలా నవ్వుతాం. అలాగే అమ్ముడుపోయి విధవైన అక్క బుచ్చమ్మ ఆ ఇంట్లోనే ఉంటుంది.

(కథ చెప్పేస్తున్నాను, చదవనివాళ్లు ఇక్కడ ఆగండి.) శక్తిగల వారసురాలు కావాలని హారో తల్లిదండ్రులు తమవాళ్ల పిల్లల్నే 200 మందిని చంపారు. ఆ విషవాయువుకి చావని పసికందు గిడియన్. అలాంటి చోట పెరిగిన పిల్ల నల్లకళ్లద్దాలు పెట్టుకుని వెటకారమాడక భజనలు చేస్తుందా? ఉప్పునీళ్ల కొలనులో హారో ఈ సంగతి బయటపెడితే, గిడియన్ ఆమెను దగ్గరికి తీసుకుంటుంది. అప్పటిదాకా హారో పీక నులమాలనిపించింది నాకు. ఆ తర్వాత ఆమె కసిరినప్పుడల్లా ఆ పిల్లలే గుర్తొచ్చారు.

గంటస్తంభం
గురజాడ నవ్విస్తాడు గానీ బుచ్చమ్మ చేత జోకులు వేయించడు కదండీ! ఇక్కడ దెబ్బతిన్న పిల్లే నవ్విస్తోంది. పైగా పదివేల ఏళ్ల సామ్రాజ్యంలో ఇప్పటి ఇంటర్నెట్ కుర్రకారు మాటలు. కొలను ఘట్టం మాత్రం బాగుంది, కాదనను.

అరసవల్లి కుర్రాడు
అంకుల్, దెబ్బతిన్నవాళ్లు నవ్వించకూడదని రూలేమైనా ఉందా? మా తాతయ్య పెద్దకర్మనాడు అరిటాకులు కడుగుతూ మా అత్త ఆయన గొంతుతో మాట్లాడి అందర్నీ నవ్వించింది. అంతకుముందు అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ ఆవిడే.

నా టెన్షన్ వేరు. మొదట్లో ఆ పేర్లు! వంశానికి ఇద్దరేసి, ఒక దాంట్లో ముగ్గురు. పుస్తకం ముందున్న పాత్రల పట్టిక దగ్గర వేలు పెట్టుకునే చదివాను.

నాగావళి
రెండో భాగం ‘హారో ద నైన్త్’ చదవండి మాస్టారూ. చాలా భాగం ‘నువ్వు ఇలా చేశావు’ అంటూ నడుస్తుంది, ఎందుకో చివరికి గానీ తెలీదు. తిట్టాలనిపిస్తే మళ్లీ ఇక్కడికే రండి.

గంటస్తంభం
వస్తాను. తిట్టడానికే.