సిలికాన్ డిటెక్టర్ తగిలించగానే ప్రీయాంప్లిఫైయర్ నాయిస్ పెరుగుతోంది: గ్రౌండింగ్‌పై సలహా కావాలి

నమస్కారం. కణ భౌతికశాస్త్ర ప్రయోగాలకు ఎలక్ట్రానిక్స్ రూపొందించే పరిశోధనశాలలో నేను ఈ మధ్యే చేరాను. ప్రస్తుతం 300 మైక్రాన్ల మందం గల సిలికాన్ డిటెక్టర్‌కు చార్జ్ సెన్సిటివ్ ప్రీయాంప్లిఫైయర్ (డిటెక్టర్ ఇచ్చే అతిచిన్న ఆవేశాన్ని వోల్టేజీగా మార్చే సర్క్యూట్) బోర్డు తయారుచేస్తున్నాను. అంత మందంలో నుంచి దూసుకుపోయే మ్యూయాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే కానీ బరువైన కణం) విడుదల చేసే ఆవేశం సుమారు 22 వేల ఎలక్ట్రాన్లు, అంటే దాదాపు 3.5 ఫెమ్టోకూలంబులు మాత్రమే. 1 పీకోఫారడ్ ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ మీద అది నాలుగు మిల్లీవోల్టులకు కూడా చేరదు కనుక, నాయిస్ ఏ కాస్త పెరిగినా సంకేతం అందులో కలిసిపోతుంది.

డిటెక్టర్ లేకుండా కొలిస్తే నాయిస్ (ఇన్‌పుట్ వద్ద దానికి సమానమైన ఆవేశంగా చెబితే) 600 ఎలక్ట్రాన్ల దగ్గర ఉంది. తగిలించగానే 3 వేలు దాటుతోంది. కెపాసిటెన్స్ పెరిగితే నాయిస్ పెరగడం సహజమే కాబట్టి, డిటెక్టర్ స్థానంలో అంతే విలువ గల మామూలు కెపాసిటర్‌ను అతికించి చూశాను. అప్పుడు 900 వద్దే ఆగింది. డిటెక్టర్ లీకేజీ కరెంటు 10 నానోఆంపియర్ల లోపే ఉంది, షేపింగ్ సమయం (ఫిల్టర్ పల్స్‌ను మలిచే వ్యవధి) 1 మైక్రోసెకను, కనుక లీకేజీ మీద నాకు అనుమానం లేదు.

ఆసిలోస్కోప్‌లో మాత్రం రెండేసి మైక్రోసెకన్లకు ఒకసారి చిన్న అల కనిపిస్తోంది. పక్కనే ఉన్న ఎఫ్‌పీజీఏ (ప్రోగ్రామ్ చేయగల డిజిటల్ చిప్) బోర్డుకు విద్యుత్తునిచ్చే స్విచింగ్ రెగ్యులేటర్ పౌనఃపున్యం కూడా 500 కిలోహెర్ట్జే. బోర్డును ఉంచిన అల్యూమినియం పెట్టె మూత మీద చేయి ఆనించినా, బయాస్ కేబుల్‌ను (డిటెక్టర్‌కు పనిచేసే వోల్టేజీ అందించే తీగ) కొంచెం జరిపినా అల ఎత్తు మారుతోంది (చేయి ఆనించినప్పుడు తగ్గడం మరీ విచిత్రం).

బయాస్ ఫిల్టర్ కెపాసిటర్ రెండో కొసను ప్రీయాంప్లిఫైయర్ ఇన్‌పుట్ గ్రౌండ్‌కు అత్యంత దగ్గరగా కలపాలా, లేక పెట్టెకు కలపాలా? ప్రస్తుతం అది పెట్టెకే కలిసి ఉంది. అనలాగ్, డిజిటల్ గ్రౌండ్ ప్లేన్లను (బోర్డులో గ్రౌండ్‌గా పనిచేసే రాగి పొరలు) చీల్చి ఒక్క చోట కలపడం కన్నా అఖండంగా ఉంచడమే మేలని కొందరు చెబుతున్నారు. ఇంత చిన్న ఆవేశాలతో పనిచేసిన అనుభవం ఉన్నవారు బోర్డును మళ్లీ గీసే ముందు నేను ఏ పరీక్ష చేయాలో దయచేసి చెప్పగలరు.