పెరట్లో బొమ్మలు: సిమెంటా, ఫైబరా, మట్టివా?

పెరటి_పచ్చన:
జామచెట్టు కింద తాబేళ్లు, గొడుగు పట్టుకున్న కప్ప, తామర తొట్టి పక్కన కొంగ పెడదామనుకుంటున్నాం. మాది గుంటూరు. ఈ ఎండలకి ఏవి ఆగుతాయి? ధరలెలా ఉన్నాయి? కోతుల బెడద కూడా ఉంది.

గోదారి_గట్టు:
ఫైబర్ మాత్రం వద్దండి. మా జిరాఫీ రెండో వేసవికే వెలిసిపోయి, మెడ దగ్గర పొరలు లేచాయి. అమ్మినాయన్ని అడిగితే "ఎండ తగలనివ్వకూడదు" అంటాడు. తోటలో పెట్టేదానికి ఎండ తగలకుండా ఎలా?

మిద్దెతోట_శారద:
నేల మీద ఉన్నవాళ్లకి టెన్షన్ లేదు. మిద్దె మీదైతే బరువు చూసుకోవాలి. ఘనపు మీటరు కాంక్రీటు దాదాపు 2,400 కిలోలు! స్లాబు మధ్యలో సిమెంటు ఏనుగుని అస్సలు పెట్టకండి, కింద దూలం ఉన్నచోట పెట్టండి. నావన్నీ మట్టి బొమ్మలే. నాచు పట్టాక ఇంకా అందంగా ఉన్నాయి.

ఫెర్న్_ప్రియ:
నేను ఫెర్న్‌ల మధ్య బుద్ధుడి తల, చుట్టూ రంగు పుట్టగొడుగులు పెట్టాను. వచ్చినవాళ్లందరూ ఫొటో తీసుకుంటున్నారు!

కృష్ణాతీరం:
తల ఒక్కటే పెట్టడం అలంకారమా అమ్మా? పాత విగ్రహాల తలలు కోసి అమ్ముకున్న చరిత్ర ఉంది. అమరావతి, నాగార్జునకొండ లాంటి బౌద్ధ క్షేత్రాలున్న నేల మనది. పుట్టగొడుగుల పక్కన ఆయన్ని చూస్తే నాకు కడుపు మండుతుంది.

ఫెర్న్_ప్రియ:
పొద్దున్నే ఆ ముఖం చూస్తే నాకు మనసు కుదుటపడుతుంది. నా భక్తి కొలవడానికి మీరెవరండీ?

కృష్ణాతీరం:
భక్తి ఉంటే పూర్తి విగ్రహం పెట్టండి, ఎత్తు మీద.

సిమెంటు_మేస్త్రి:
గొడవ ఆపి పని సంగతి వినండి. నేను చిన్నప్పట్నుంచీ ఈ బొమ్మలే చేస్తున్నా. లోపలి ఇనుప చువ్వ మీద సిమెంటు పల్చగా ఉంటే తుప్పు పట్టి ఉబ్బుతుంది, కొంగ కాళ్లు పగిలేది అందుకే. కొత్త సిమెంటు బొమ్మని చేపలున్న తొట్టిలో దించకండి, సున్నం దిగి చేపలు చస్తాయి. విడిగా నీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉండాలి. రంగు బయటి గోడలకి వేసేదే వేయండి. డిస్టెంపర్ వానకి నిలవదు.

గోదారి_గట్టు:
మేస్త్రి గారూ, ఫైబర్‌కి మళ్లీ రంగు వేయొచ్చా?

బొమ్మల_కొలువు:
కొండపల్లి బొమ్మల్ని బాల్కనీ కుండీల్లో గుచ్చుతున్నారు కొందరు. దయచేసి వద్దు! అది తెల్లపొణికి కర్ర, తడి తగిలితే పాడైపోతుంది. అంత పనితనాన్ని వానపాలు చేస్తారా?

మిద్దెతోట_శారద:
అవి కొలువులో ఉండాల్సినవే. ఇంకోమాట, గొడుగు తిరగబడి ఉన్న కప్పని కొనకండి, అందులో నీళ్లు నిలుస్తాయి. డెంగీ దోమకి ఆ కాసిని నీళ్లు చాలు, గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులే. అడుగున చిల్లు పెట్టించండి, లేదా వారానికోసారి వంపి తుడవండి.