దుబాయ్ కోర్టు డిక్రీని విశాఖలో అమలు చేయించుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. దుబాయ్‌లో చాలాకాలం వ్యాపారం చేసిన మా బావగారికి, ఆయన పాత భాగస్వామి చెల్లించవలసిన బాకీ విషయమై అక్కడి కోర్టు 2023లో డిక్రీ (సొమ్ము చెల్లించాలన్న తీర్పు) ఇచ్చింది. సదరు భాగస్వామి అంతకు ముందే విశాఖపట్నం వచ్చేసి, మధురవాడలో ఫ్లాటు కొనుక్కుని నిశ్చింతగా ఉంటున్నారు.

కేంద్ర ప్రభుత్వం 2020 జనవరి 17న దుబాయ్ ఉన్న యూఏఈని సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ (కొన్ని దేశాల కోర్టుల డిక్రీలను ఇక్కడ నేరుగా అమలు చేయించే నిబంధన) పరిధిలోకి తెచ్చినందున, ఇక్కడి జిల్లా కోర్టులోనే నేరుగా ఎగ్జిక్యూషన్ పిటిషన్ (డిక్రీ అమలు కోరే దరఖాస్తు) వేయవచ్చుననీ, అమెరికా తీర్పుల మాదిరిగా మూడేళ్లలోపు కొత్త దావా వేయనక్కర్లేదనీ తెలుసుకున్నాను. సర్టిఫైడ్ కాపీతో పాటు, డిక్రీ సొమ్ములో ఇంతవరకు ఎంత వసూలైందో (మా విషయంలో ఒక్క దిర్హమూ లేదు) తెలిపే ధ్రువపత్రాన్ని కూడా దుబాయ్ కోర్టు నుంచే తీసుకోవాలి. మా దగ్గరున్నది నాలుగు పేజీల అరబ్బీ కాపీ. అందులో మేము పోల్చుకోగలిగినవి గుండ్రటి ముద్ర, బావగారి పాస్‌పోర్టు నంబరు మాత్రమే.

నా అసలు భయం వేరు. ప్రతివాది హాజరు కాకపోవడంతో అది ఎక్స్‌పార్టీ (ఒక పక్షం లేకుండా ఇచ్చిన) తీర్పు అయింది. గుణదోషాలు విచారించకుండా ఇచ్చిన విదేశీ తీర్పు అదే కోడ్ 13వ సెక్షన్ ప్రకారం చెల్లదు కదా. ప్రతివాది సంతకం చేసిన బాకీ పత్రాన్ని పరిశీలించినట్లు తీర్పులో రాసి ఉంటే సరిపోతుందా? అనువాదాన్ని ఎవరు ధ్రువీకరించాలి? పోయిన వారం ఆ ఫ్లాటు బాల్కనీకి ‘అమ్మబడును’ అన్న బోర్డు కనిపించింది కనుక, పిటిషన్‌తో పాటే జప్తు ఉత్తర్వు అడగవచ్చా? ఇటువంటి పిటిషన్ నడిపిన అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.